చిట్టెలుకల జాతులు విడిపోయిన లెక్క

అందరికీ నమస్కారం. ముందు మాటతో ఒక చిన్న పేచీ తీర్చుకుందాం. మనం ఎలుక అనే పేరును రెండు వేరు వేరు జంతువులకు వాడేస్తాం. పెద్దది రాటస్ ప్రజాతి, చిన్నది మస్ ప్రజాతి. ఈ రెండు శాఖలూ వేరుపడి కోటి ఏళ్లు దాటింది. ఈ రోజు నేను ఎలుక అన్నా, చిట్టెలుక అన్నా మస్ గురించే. ఆ మస్‌లోనూ, చూడగానే ఇవి వేరని చెప్పలేనంత దగ్గరగా ఉన్నవాటి గురించే.

ఇళ్లలో తిరిగేది మస్ మస్కులస్. దీనికి ప్రధానంగా మూడు ఉపజాతులు. పశ్చిమ ఐరోపాలోనూ మధ్యధరా తీరంలోనూ ఉండేది డొమెస్టికస్. తూర్పు ఐరోపా నుంచి ఉత్తర ఆసియా దాకా ఉన్నది మస్కులస్, ఇక మీదట ఒట్టి మస్కులస్ అంటే ఈ ఉపజాతే. దక్షిణ, ఆగ్నేయ ఆసియాలో ఉన్నది కాస్టానియస్. ఈ మూడూ విడిపోయి ఐదు లక్షల ఏళ్లు కూడా కాలేదని సాధారణంగా చెబుతారు. వీటికి కాస్త దూరపు చుట్టం మస్ స్ప్రెటస్. స్పెయిన్, పోర్చుగల్, దక్షిణ ఫ్రాన్స్, ఉత్తర ఆఫ్రికా పొలాల్లో ఉంటుంది, ఇళ్ల జోలికి రాదు. అది విడిపోయి పదిహేను, ఇరవై లక్షల ఏళ్లు. మస్ కరోలి విడిపోయి ముప్పై లక్షలు, మస్ పహారి విడిపోయి అరవై లక్షలు అని 2018లో వాటి జీనోములు, అంటే మొత్తం డీఎన్ఏ, చదివినవాళ్లు లెక్కకట్టారు.

ఈ సంఖ్యలు ఎక్కడి నుంచి వచ్చాయి? ఒకదాన్ని చేత్తోనే కట్టి చూద్దాం, క్యాలిక్యులేటర్ కూడా అక్కర్లేదు.

చిట్టెలుక జీనోమ్ దాదాపు 270 కోట్ల అక్షరాలు. 2002లో మొదట ప్రచురించిన జీనోమ్ సి57బ్లాక్6 అనే ప్రయోగశాల వంశానిది. దాన్నే ఇప్పటికీ మూలప్రతిగా వాడుతున్నాం. 2011లో మరో 17 వంశాల జీనోములు చదివారు. కాస్టానియస్ వంశానికీ మూలప్రతికీ మధ్య దాదాపు ఒక కోటి 75 లక్షల అక్షరాల తేడా తేలింది. స్ప్రెటస్‌తో చూస్తే దాదాపు మూడున్నర కోట్లు. మళ్లీ మళ్లీ వచ్చే భాగాలు తీసేస్తే నమ్మకంగా చదవగలిగేది 230 కోట్ల అక్షరాలు అనుకోండి. కాస్టానియస్ తేడా 0.75 శాతం, స్ప్రెటస్ తేడా ఒకటిన్నర శాతం.

ఇక మ్యుటేషన్ వేగం, అంటే డీఎన్ఏ అక్షరాలు మారే వేగం. తల్లిదండ్రుల జీనోమ్‌నూ పిల్లల జీనోమ్‌నూ పోల్చి కొలిస్తే, ఒక తరంలో దాదాపు 20 కోట్ల అక్షరాలకు ఒకటి మారుతోంది. ఈ 20 కోట్లు గుర్తుపెట్టుకోండి, కాసేపట్లో ఇంకో చోట ఇదే సంఖ్య వస్తుంది. అక్కడ దానికీ దీనికీ సంబంధం లేదు, ఊరికే కలిసొచ్చింది.

రెండు శాఖలూ సమానంగా మారుతూ వచ్చాయి కాబట్టి తేడాను మ్యుటేషన్ వేగానికి రెట్టింపుతో భాగించాలి. కాస్టానియస్‌కు 7 లక్షల 50 వేల తరాలు, స్ప్రెటస్‌కు 15 లక్షల తరాలు వస్తాయి. ఇంతటితో ఆపేసి తేదీ వేసేవాళ్లు ఉన్నారు. అది తప్పు. ఎందుకంటే ఈ లెక్క చెప్పేది జాతులు ఎప్పుడు విడిపోయాయన్నది కాదు, ఆ డీఎన్ఏ ముక్కలు రెండూ ఎప్పుడు విడిపోయాయన్నది. జాతి విడిపోయే రోజుకే ఆ పూర్వపు గుంపులో ఎలుకకూ ఎలుకకూ మధ్య బోలెడు తేడాలు ఉన్నాయి. అవి కూడా ఈ 0.75లో కలిసిపోయాయి.

ఎన్ని తీసెయ్యాలి? పూర్వీకుల గుంపు ప్రభావ సంఖ్య, అంటే తర్వాతి తరాలకు నిజంగా డీఎన్ఏ అందించే ఎలుకల లెక్క, ఒకటిన్నర లక్ష అనుకుంటే, యాదృచ్ఛికంగా తీసిన రెండు డీఎన్ఏ ప్రతులు సగటున దానికి రెండింతల తరాల వెనక్కు వెళితే గానీ ఒకే పూర్వప్రతి దగ్గర కలవవు. అంటే 3 లక్షల తరాలు. 7.5లో 3 తీసేస్తే నాలుగున్నర లక్షల తరాలు మిగిలాయి. ఏడాదికి ఒక తరం అనుకుంటే నాలుగున్నర లక్షల ఏళ్లు, రెండు తరాలు అనుకుంటే రెండుంబావు లక్షల ఏళ్లు. చూశారా, ఒకే కొలత నుంచి మూడు జవాబులు వచ్చాయి. స్ప్రెటస్ లాంటి దూరపు చుట్టాలకు ఈ 3 లక్షలు పెద్ద లోటు కాదు. దగ్గరి చుట్టాలకే లెక్క తలకిందులవుతుంది. అందుకే ఎవరైనా ఉపజాతుల తేదీ చెబితే, ఏడాదికి ఎన్ని తరాలు వేశారు, పూర్వీకుల వైవిధ్యం తీసేశారా లేదా అని ముందు అడగండి.

శిలాజాలతో సరిచూడొచ్చు కదా అంటారు. ఎలుకల కాలమానానికి ఆధారమైన ప్రధాన శిలాజాలు పాకిస్తాన్‌లోని శివాలిక్ పొరల్లో దొరికిన పళ్లు. చాలాకాలం వాటిని మస్, రాటస్ విడిపోయిన చోట, దాదాపు 1 కోటి 20 లక్షల ఏళ్ల దగ్గర కట్టి, మిగతా చెట్టంతా దాని మీద లాగారు. 2015లో ఆ పళ్లను మళ్లీ పరిశీలించి, అవి కట్టాల్సింది ఆ కొమ్మకు కాదు, మస్ శాఖా ఆఫ్రికా గడ్డి ఎలుకల శాఖా విడిపోయిన కొమ్మకు అని తేల్చారు. పన్ను అదే, దాని వయసూ అదే. కట్టిన కొమ్మ మారేసరికి చెట్టు మీద తేదీలన్నీ జరిగాయి.

ఇప్పుడు తేదీ పక్కన పెట్టి, అసలు ఎవరికి ఎవరు దగ్గర అన్న ప్రశ్నకు వద్దాం. ఇక్కడే అసలు సరుకు ఉంది.

తొలి రోజుల్లో అందరూ మైటోకాండ్రియా డీఎన్ఏ మీద పడ్డారు. చిన్నది, చిట్టెలుకలో 16,300 అక్షరాలు. ఒక్కో కణంలో వందల ప్రతులు ఉంటాయి కాబట్టి పాత మ్యూజియం తోలులోంచి గీకినా దొరుకుతుంది. తల్లి నుంచే వస్తుంది, కలగలుపు లేదు. ఇన్ని సుగుణాలున్నా అది మోసం చేసింది. 1983లో బర్కిలీలో అలన్ విల్సన్ బృందం స్కాండినేవియా ఎలుకలను చూసింది. శరీరం, కేంద్రకంలోని జన్యువులు మస్కులస్‌వి. మైటోకాండ్రియా మాత్రం డొమెస్టికస్‌ది. ఎప్పుడో కొద్దిపాటి డొమెస్టికస్ ఆడ ఎలుకల వంశం అటు చేరింది. తరతరాలుగా మస్కులస్ మగవాటితో కలిసి కేంద్రకంలో తమ గుర్తులన్నీ పోగొట్టుకుంది. తల్లి నుంచి కూతురికి వెళ్లే ఆ 16,300 అక్షరాలు మాత్రం చెక్కుచెదరలేదు. ఒక్క మైటోకాండ్రియాతో చెట్టు గీసినవాడు వాటిని తప్పు కొమ్మ మీద కూర్చోబెడతాడు.

మైటోకాండ్రియా పని చేసేవాళ్లకు ఇంకో ఉచ్చు ఉంది. దాని ముక్కలు ఎప్పటెప్పుడో కేంద్రకంలోకి జారి అక్కడ నకళ్లుగా ఉండిపోయాయి. కావలసిన డీఎన్ఏ ముక్కను వెతికి పట్టి నకళ్లు తీయించే మీ పీసీఆర్ ప్రైమర్లు ఒక్కోసారి అసలును వదిలి నకలును పట్టుకుంటాయి. దాన్ని గుర్తుపట్టడం ఎలాగంటే, సీక్వెన్స్ గ్రాఫులో ఒకే చోట రెండు శిఖరాలు కనిపిస్తాయి, లేదా మైటోకాండ్రియాలోని సైటోక్రోమ్ బి జన్యువును ప్రొటీన్‌గా మార్చి చదివితే మధ్యలో ఆపు సంకేతం తగులుతుంది. ఆపు సంకేతం వచ్చిందంటే ఆ ఫలితం పారేయాల్సిందే. యంత్రం పొరపాటులే అని చేత్తో దిద్దుకుని ముందుకు వెళ్లడం ఈ రంగంలో అన్నిటికన్నా చెడ్డ అలవాటు.

సరే, కేంద్రకంలోని జీనోమ్ అంతా తీసుకుందాం. మూడు ఉపజాతుల్లో ఏ రెండు దగ్గర? 2009లో వచ్చిన ఒక విస్తృత అధ్యయనం జీనోమ్‌ను వేల ముక్కలు చేసి ముక్కకొక చెట్టు గీసింది. మస్కులస్, కాస్టానియస్ అక్కాచెల్లెళ్లు అన్న చెట్టుకే ఎక్కువ ఓట్లు పడ్డాయి. కానీ ఆ ఓట్లు మొత్తంలో సగం కూడా లేవు. మిగిలిన ముక్కలు మిగతా రెండు రకాల చెట్లకు పోయాయి.

ఇది దత్తాంశంలో లోపం కాదు, ఇలాగే రావాలి. సూత్రం చిన్నదే. మొదటి చీలికకూ రెండో చీలికకూ మధ్య గడిచిన తరాలను, ప్రభావ సంఖ్యకు రెండింతలతో భాగించండి. ఉదాహరణకు మధ్యకాలం లక్ష తరాలు, ప్రభావ సంఖ్య లక్ష అనుకుంటే అర వస్తుంది. ఆ వ్యవధిలో రెండు ప్రతులు కలుసుకోకుండా మిగిలిపోయే అవకాశం 61 శాతం. అలా మిగిలిపోతే, మూడు ప్రతుల్లో ఏ రెండు ముందు కలుస్తాయన్నది గుడ్డి లాటరీ, ఒక్కోదానికి మూడో వంతు. అంటే 40 శాతం ముక్కలు జాతి చెట్టుకు విరుద్ధంగానే వస్తాయి, ఒక్కో తప్పు చెట్టుకు 20 చొప్పున. పూర్వీకుల వైవిధ్యం పూర్తిగా వడపోతకు రాకముందే మళ్లీ చీలడం వల్ల వచ్చే కలగాపులగం ఇది.

అయితే ఒక మెలిక ఉంది. ఈ లాటరీ నిష్పాక్షికం కాబట్టి రెండు తప్పు చెట్లకూ సమానంగా రావాలి. ఒకదానికి 24, ఇంకోదానికి 16 వచ్చాయనుకోండి, లాటరీ కాకుండా ఇంకేదో జరిగింది. విడిపోయాక మళ్లీ కలిశాయన్నమాట.

దీన్ని కొలవడానికి ఏబీబీఏ, బీఏబీఏ అనే పరీక్ష ఉంది. నాలుగు ఎలుకలు కావాలి. స్ప్రెటస్ లేని చోటి నుంచి ఒక డొమెస్టికస్, స్పెయిన్ నుంచి ఒక డొమెస్టికస్, ఒక స్ప్రెటస్, బయటి జాతిగా కరోలి. కరోలిలో ఉన్న అక్షరం పాతది, దాన్ని ఏ అందాం. కొత్త అక్షరం బీ. స్పెయిన్ ఎలుకా స్ప్రెటస్సూ కొత్త అక్షరం పంచుకున్న చోట్లు ఏబీబీఏ. దూరపు డొమెస్టికస్సూ స్ప్రెటస్సూ పంచుకున్న చోట్లు బీఏబీఏ. కలయిక లేకపోతే రెండూ సమానం. మొదటిది 5,200, రెండోది 4,800 వచ్చిందనుకోండి, తేడా 400ను మొత్తం 10,000తో భాగిస్తే 0.04. అది నిజమా, గాలివాటమా తేల్చడానికి జీనోమ్‌ను 50 లక్షల అక్షరాల దిమ్మెలుగా, అంటే దాదాపు 500 దిమ్మెలుగా కోసి, ఒక్కో దిమ్మెనూ తీసేస్తూ లెక్క మళ్లీ కట్టాలి. అక్షరం అక్షరాన్నీ స్వతంత్ర సాక్షిగా లెక్కేస్తే ప్రతిదీ గొప్ప ఫలితంలా కనిపిస్తుంది. పక్కపక్క అక్షరాలు కలిసే ప్రయాణం చేస్తాయి, అవి ఒకే సాక్షి పదిసార్లు చెప్పిన సాక్ష్యం.

ఈ పరీక్ష ఎక్కడ బోల్తా పడుతుందో కూడా చెప్పాలి. మొదటి మూడు ఎలుకల్లోనూ కొత్త అక్షరమే ఉన్న చోటు ఒకటి తీసుకోండి. దూరపు డొమెస్టికస్‌ను తక్కువ లోతులో, అంటే ఒక్కో చోటును తక్కువసార్లు, చదివి అక్కడ పొరపాటున పాత అక్షరం రాశారు. వెంటనే ఆ చోటు ఏబీబీఏగా మారిపోతుంది. లేని కలయిక ఉన్నట్టు తేలుతుంది, తప్పు స్పెయిన్ ఎలుక మీద పడుతుంది, నిజానికి దోషం దూరపు డొమెస్టికస్ డబ్బాలో ఉంది. అందుకే నాలుగింటినీ ఒకే లోతులో, ఒకే పద్ధతిలో చదవాలి.

లోతు ఎంత? ఒక చోట తల్లి నుంచి ఒక అక్షరం, తండ్రి నుంచి ఇంకో అక్షరం వచ్చాయనుకోండి. నాలుగుసార్లే చదివితే నాలుగూ ఒకే వైపు నుంచి వచ్చే అవకాశం ఎనిమిదింట ఒకటి. పదిసార్లు చదివితే 512లో ఒకటి. 20, 30 సార్లు చదివితే ఈ బెంగ ఉండదు. డబ్బు చాలకపోతే ఎలుకల సంఖ్య తగ్గించుకోండి, లోతు తగ్గించకండి. జనాభాలో జన్యు నిష్పత్తులు కొలిచేవాళ్లకు ఈ సలహా తిరగబడుతుంది. మన పని అది కాదు.

ఇంకో దోషం మూలప్రతిదే. సి57బ్లాక్6 శుద్ధమైన డొమెస్టికస్ కాదు. ప్రయోగశాల వంశాలన్నీ ఒకప్పటి పెంపుడు ముద్దు ఎలుకల సంతానం, వాటిలో జపాన్ నుంచి వచ్చినవీ ఉన్నాయి. జపాన్ ఎలుక తానే మస్కులస్, కాస్టానియస్‌ల సంకరం. అందుకే ఈ వంశంలో 90 శాతం పైచిలుకు డొమెస్టికస్, మిగతాది అతుకులు. మైటోకాండ్రియా డొమెస్టికస్‌ది, వై క్రోమోజోమ్ మాత్రం మస్కులస్‌ది. మీ అడవి ఎలుక ముక్కలను దీనితో సరిపోల్చినప్పుడు, స్ప్రెటస్ 150 అక్షరాల ముక్కలో సగటున రెండు పైగా తేడాలుంటాయి. ఆరేడు తేడాలున్న ముక్కలను సాఫ్ట్‌వేర్ ఇది మనది కాదని తోసేస్తుంది. ఎక్కువ మారిన చోట్లే లెక్కలోంచి పడిపోతాయి, దూరం తక్కువగా తేలుతుంది. అతుకులున్న చోట ఇంకా తమాషా, అక్కడ మస్కులస్ ముక్కలు చక్కగా అతుక్కుంటాయి, డొమెస్టికస్ ముక్కలు జారిపోతాయి.

ఇప్పుడు ఆ రెండో 20 కోట్లు. ఒక ముక్క పాత కలగాపులగమా, కొత్త కలయికా అన్నది దాని పొడవు చెబుతుంది. పునఃసంయోజనం, అంటే తల్లి, తండ్రి క్రోమోజోములు ముక్కలు మార్చుకోవడం, తరతరానికీ వచ్చిన దిమ్మెను కోస్తూ పోతుంది. చిట్టెలుకలో ఆ వేగానికి మోటు సూత్రం, 20 కోట్లను గడిచిన తరాలతో భాగించండి, దిమ్మె సగటు పొడవు వస్తుంది. 50 తరాల కిందటి కలయికైతే 40 లక్షల అక్షరాలు. వెయ్యి తరాలైతే 2 లక్షలు. పది లక్షల తరాల కిందటి పూర్వీకుల వైవిధ్యమైతే 200 అక్షరాలు మిగులుతాయి. 200 ఎక్కడ, 40 లక్షలెక్కడ! ఇంత స్పష్టమైన తేడా ఈ రంగంలో అరుదు.

దీనికి అచ్చమైన ఉదాహరణ వికెఓఆర్‌సి1 జన్యువు, ఏడో క్రోమోజోమ్ మీద ఉంటుంది. వార్ఫరిన్ అనే ఎలుకల మందు పనిచేసేది ఈ ప్రొటీన్ మీదే. స్ప్రెటస్‌లో ఈ ప్రొటీన్ నాలుగు చోట్ల వేరు, మందు దాని మీద సరిగా పనిచేయదు. 2011లో స్పెయిన్, జర్మనీ ఇళ్ల ఎలుకల్లో ఈ స్ప్రెటస్ ప్రతి చుట్టుపక్కల పొడవాటి దిమ్మెతో సహా దొరికింది. వార్ఫరిన్ ఎలుకల మందుగా వచ్చింది 1950 ప్రాంతంలో. స్ప్రెటస్, డొమెస్టికస్ కలిస్తే పుట్టే మగవి వంధ్యలు, ఆడవి మాత్రం కంటాయి. ఆ ఇరుకు సందులోంచి దూరి, మందు దెబ్బకు మిగతావన్నీ చస్తుంటే ఈ దిమ్మె పైకొచ్చింది. పదిహేను లక్షల ఏళ్ల ఎడం ఉన్నా తలుపు పూర్తిగా మూసుకోలేదన్నమాట.

తలుపు మూసేది ఏది? ఒక్క జన్యువును దగ్గరగా చూద్దాం. మస్కులస్ ఆడదాన్ని, డొమెస్టికస్ మగదాన్ని కలిపితే, కొన్ని వంశాల్లో పుట్టే మగవాటికి వీర్యకణాలే ఉండవు. ప్రాగ్‌లో ఇర్జీ ఫోరెయ్ట్ 1974లో దీని కారణాన్ని 17వ క్రోమోజోమ్ మీదికి కుదించారు. అది ఏ జన్యువో తేలడానికి 2009 దాకా పట్టింది. పిఆర్‌డిఎమ్9. సకశేరుకాల్లో దొరికిన తొలి జాతిభేద జన్యువు ఇదే.

వీర్యకణం తయారయ్యేటప్పుడు తల్లి క్రోమోజోమ్, తండ్రి క్రోమోజోమ్ జతకట్టాలి. జతకట్టడానికి కణమే డీఎన్ఏను కొన్ని చోట్ల కావాలని తెంపుతుంది. ఎక్కడ తెంపాలో గుర్తుపెట్టేది పిఆర్‌డిఎమ్9, జింకు వేళ్లతో, అంటే ఆ ప్రొటీన్‌లో డీఎన్ఏను పట్టుకునే వేళ్లలాంటి భాగాలతో, ఒక ప్రత్యేక అక్షరాల వరుసను పట్టుకుని. తెగిన చోటును ఎదుటి క్రోమోజోమ్ చూసి రాసుకుని కణం అతికిస్తుంది. కాబట్టి ఎదుటి దాంట్లో ఆ గుర్తు చెడిపోయి ఉంటే, చెడిపోయిన రాతే ఇటూ వస్తుంది. తరాలు గడిచేకొద్దీ ప్రతి ఉపజాతిలోనూ దాని సొంత పిఆర్‌డిఎమ్9 పట్టుకునే చోట్లే అరిగిపోతూ వచ్చాయి.

ఇక సంకరంలో చూడండి. డొమెస్టికస్ ప్రొటీన్‌కు డొమెస్టికస్ క్రోమోజోమ్ మీద చోట్లు అరిగిపోయాయి, మస్కులస్ క్రోమోజోమ్ మీద చెక్కుచెదరకుండా ఉన్నాయి. అందుకని అక్కడ తెంపుతుంది. మస్కులస్ ప్రొటీన్ సరిగ్గా తిరగేసి చేస్తుంది. తెగిన చోటికి ఎదురుగా గుర్తు లేదు, జత కుదరదు, కణం అక్కడే ఆగి చస్తుంది. 2016లో ఆక్స్‌ఫర్డ్ బృందం ఈ వివరణకు తిరుగులేని పరీక్ష పెట్టింది. ఎలుక పిఆర్‌డిఎమ్9లో వేళ్ల భాగం తీసి మనిషి వేళ్లు పెట్టారు. మనిషి వేళ్లు పట్టుకునే చోట్లు ఎలుకలో ఎన్నడూ అరగలేదు, రెండు వైపులా సమానంగా ఉన్నాయి. సంకర మగవాటికి సంతాన శక్తి తిరిగొచ్చింది.

అయితే దిశ మార్చి, డొమెస్టికస్ తల్లి, మస్కులస్ తండ్రి అయితే దెబ్బ తక్కువ. ఎక్స్ క్రోమోజోమ్ తల్లి నుంచి వస్తుంది కదా, మస్కులస్ ఎక్స్ మీద ఇంకో దోషి ఉంది. ఈ ఎక్స్ సంగతి అడవి ఎలుకల్లోనూ కనిపిస్తుంది. డెన్మార్క్ నుంచి నల్ల సముద్రం దాకా రెండు ఉపజాతులూ ఎదురెదురుగా ఉండే సన్నటి సంకర మండలం ఒకటుంది. దాన్ని అడ్డంగా దాటుతూ ఎలుకలు పట్టి చూస్తే, మామూలు క్రోమోజోముల జన్యువులు అవతలికి దూరం వెళతాయి, ఎక్స్ జన్యువులు చాలావరకు సరిహద్దులోనే ఆగిపోతాయి.

(సభలో ప్రశ్న: క్రోమోజోముల సంఖ్య మారితే కొత్త జాతి అయినట్టేనా?)

మంచి ప్రశ్న, ఎలుకలు దీనికి కాదనే చెబుతాయి. మామూలుగా 40 క్రోమోజోములు. 19వ శతాబ్దంలో స్విట్జర్లాండ్ లోయలోని ఎలుకలకు వేరే జాతి పేరు పెట్టారు. తర్వాత వాటికి 26 క్రోమోజోములే ఉన్నాయని తేలేసరికి ఆ పేరు ఖాయమనుకున్నారు. కానీ అక్షరాలు చదివితే అవి మామూలు డొమెస్టికస్. క్రోమోజోములు రెండేసి చివర్ల దగ్గర అతుక్కున్నాయి, అంతే. మదీరా దీవిలో ఇలాంటి రకాలు ఆరున్నాయి, సంఖ్య 22 దాకా పడిపోయింది, అదీ వెయ్యి ఏళ్ల లోపే. వాటి మధ్య సంకరాల్లో సంతానం తగ్గుతుంది నిజమే, కానీ అక్షరాల దూరం దాదాపు లేదు.

(సభలో ప్రశ్న: కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఏ నమూనా తీసుకోవాలి?)

చెవి అంచు నుంచి రెండు మూడు మిల్లీమీటర్ల ముక్క చాలు, 95 శాతం ఆల్కహాల్‌లో వేసి చల్లగా ఉంచండి. ముక్కను కోసిన కత్తెర ప్రతి ఎలుకకూ తుడవాలి, లేకపోతే ఒక డబ్బాలో ఇద్దరి డీఎన్ఏ చేరి, లేని సంకరం పుడుతుంది. పొరుగు ఊళ్ల ఎలుకలు పదికన్నా, దూరదూరంగా ఉన్న రెండేసి మేలు. పుర్రెను పారేయకండి. డీఎన్ఏ ఫలితం వింతగా వచ్చిన రోజున, అసలు డబ్బా మీద చీటీ సరిగా రాశారా అని చెప్పగలిగేది ఆ పుర్రె ఒక్కటే.